రెండు చిల్లుల ఆకు

ఉదయం ఆరుంపావుకి బాతు కుంట గట్టున నిలబడి రెక్కలు దువ్వుకుంటోంది. అది మే నెల మొదటి గురువారం. పిల్లలూ, ఇది అనగనగా అని మొదలుపెట్టాల్సిన కథే. కానీ ఇందులో ఏ రోజో, ఏ వేళో సరిగ్గా తెలుసు కాబట్టి వాటినే ముందు చెబుతున్నాను. ఇది జరిగింది ఇంగ్లండులో మీడ్‌బ్రూక్ అనే చిన్న జిల్లాలో. ఆ జిల్లా చివర ఒక చిట్టడవి ఉంది. అడవి అంచున ఒక తారు రోడ్డు. రోడ్డుకి ఇవతల ఒక పచ్చిక పొలం, దాని పక్కన కుంట.

ఆ గురువారం మనుషులు తమ జిల్లా కౌన్సిలుకి ఓటు వేస్తారు. జంతువులు కూడా ఆ రోజే తమ కౌన్సిలుకి ఓటు వేసుకునేవి. మనుషులు ఊరి హాల్లో వేస్తారు. జంతువులు హాలు వెనకున్న పాత గొర్రెల కొట్టంలో వేస్తాయి. కుక్కలకి రెండు చోట్లా ఓటు లేదు. యజమానులు బయటికి వచ్చేదాకా అవి గేటు దగ్గర కూర్చుంటాయి.

కౌన్సిలు చేసేవి పెద్ద పనులేం కావు. దారులు శుభ్రం చేయించడం, కాలవల్లో ఆకులు తీయించడం, ఎవరి గూడు ఎవరి కొమ్మ మీదికి వచ్చిందో తేల్చడం. అందుకే చాలామంది ఓటుకి వెళ్ళరు. కానీ ఆ ఏడు కుంటవైపు వార్డులో ఒక పెద్ద సంగతి ఉంది. అది తూము సంగతి.

రోడ్డు కింద ఒక రాతి తూము ఉంది. అటు అడవిలో పడ్డ వాన ఆ తూములోంచి ఇటు వస్తుంది. ఆ తూమే బోదురుకప్పలకి దారి. కప్పలు ఏడాదంతా అడవిలో ఉంటాయి. మార్చి నెలలో తూములోంచి నడిచి కుంటకి వస్తాయి. గుడ్లు పెట్టి తిరిగి వెళ్ళిపోతాయి. జూన్‌లో మొదటి మంచి వాన పడ్డ రోజున పిల్ల కప్పలు నీళ్ళలోంచి బయటికి వస్తాయి. ఒక్కొక్కటి మీ చిటికెనవేలి గోరంత ఉంటుంది. అవన్నీ తూములోంచి అడవికి పోతాయి. తూము లేకపోతే పైన రోడ్డు మీదనుంచే పోవాలి.

పోటీలో ఇద్దరు ఉన్నారు. ఒకరు అడవికోడి పుంజు. పొడుగు తోక, ఎర్రని బుగ్గలు, నిదానమైన మాట. అతని కుటుంబం పచ్చిక పొలంలో ఉంటుంది. కిందటి ఏప్రిల్‌లో తూములోంచి వచ్చిన నీళ్ళు పొలం మీద పడి పదకొండు గుడ్లు కొట్టుకుపోయాయి. గెలిస్తే తూము పూడ్పిస్తానని అతను మొదటి రోజునుంచీ చెబుతున్నాడు. దాచి చెప్పలేదు. తిప్పి చెప్పలేదు.

రెండోవాడు నీటికుక్క. పేరులో కుక్క ఉన్నా కుక్క కాదు, నీళ్ళలో బతికే జంతువు. కుంటలో ఈదుతూ, చేపలు పడుతూ, అందర్నీ ఆటపట్టిస్తూ ఉంటాడు. తూము ఉండాలి, కానీ పొలం పక్కనుంచి ఒక పిల్లకాలవ తవ్వి నీళ్ళని కుంటలోకి మళ్ళించాలి అని అతని మాట. దానికి ఇంటికి ఒకరు చొప్పున వారం రోజులు మట్టి తవ్వాలి. ఆ మాటా అతను దాచలేదు. కొన్ని కుందేళ్ళకి అది నచ్చలేదు.

ఇద్దరూ మంచివాళ్ళే. కష్టమంతా అక్కడే వచ్చింది.

ఇక బాతు సంగతి. బాతుకి ఎవరినీ కాదనడం రాదు. కిందటి చలికాలంలో కాకి వచ్చి కొంచెం ఎండు రెల్లు ఇమ్మన్నాడు. అలాగే అంది బాతు. మర్నాడు నీటికోడి వచ్చి అదే రెల్లు అడిగింది. దానికీ అలాగే అంది. చివరికి ఉన్నదంతా ఇద్దరికీ పంచి, తను మూడు వారాలు తడిలో పడుకుంది. నలుగురూ మంచిదన్నారు. బాతుకి ఆ మాట ఇష్టం.

ఎన్నికలకి ముందు వారం దాని దగ్గరికి ముగ్గురు వచ్చారు.

శనివారం అడవికోడి పుంజు వచ్చాడు. ఓట్లు అడగడానికి వెళ్ళేటప్పుడు అతను రెక్క కింద ఒక బెరడు ముక్క పెట్టుకుంటాడు. దాని మీద వార్డులో అందరి బొమ్మలూ గీసి ఉంటాయి. ఎవరింటికి వెళ్ళినా మాట్లాడాక ఆ బొమ్మ పక్కన ముక్కుతో ఏదో గుర్తు గీసుకుంటాడు. అక్కడ ఓట్లు అడిగే పద్ధతే అంత. అతను బాతు పిల్లల్ని పేరుపేరునా పలకరించాడు. కొట్టుకుపోయిన పదకొండు గుడ్ల సంగతి చెప్పాడు. గొంతు పెంచకుండా చెప్పాడు.

"బాతమ్మగారూ, మీ ఓటు నాకు వెయ్యగలరా?" అని అడిగాడు.

"అలాగేనండీ," అంది బాతు.

అతను తల వంచి, బెరడు తీసి, ఒక గుర్తు గీసి, కింద ఏదో రాసి, మళ్ళీ రెక్క కింద పెట్టుకున్నాడు. ఏం గీశాడో బాతుకి కనిపించలేదు. తన పేరు అతని వైపు రాసుకున్నాడని అనుకుంది. ఇక మాట తప్పితే అతని మొహం ఎలా చూడడం అని అప్పుడే దిగులు మొదలైంది.

సోమవారం నీటికుక్క వచ్చాడు. గట్టు ఎక్కి ఒళ్ళు దులిపాడు. బాతు పిల్లల మీద నీళ్ళు పడ్డాయి, అవి నవ్వాయి. ఆ పుంజుగారి తోక చూసి ఓటు వేసేవాళ్ళు ఎంతమందో, తన మీసం చూసి వేసేవాళ్ళు ఎంతమందో లెక్క తేలట్లేదని అన్నాడు.

"వదినా, నీకు నేను చెప్పాలా? తూము పోతే కప్పల పని అంతే. నాకు వేస్తావు కదూ?" అన్నాడు.

"అలాగే మరిదీ," అంది బాతు. అతను ఏమీ రాసుకోలేదు. నీళ్ళలోకి దూకి వెళ్ళిపోయాడు.

బుధవారం బోదురుకప్ప వచ్చింది. పొద్దున్న బయల్దేరితే తూము దాటి, గట్టు ఎక్కి, బాతు దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర అయింది. కాసేపు ఆయాసపడింది. కుంటలో దాని పిల్లలు అప్పటికి తోక ఉన్న నల్ల చుక్కల్లా ఈదుతున్నాయి. వాటివైపు చూస్తూ మాట్లాడింది. ఆ జిల్లాలో వార్డులకి హద్దు రోడ్డే. అటు ఒక వార్డు, ఇటు ఒక వార్డు. ఆ గీత గీసినవాళ్ళు కప్పల్ని అడగలేదు.

"నా ఓటు అటు ఉంది అక్కా. నా పిల్లలు ఇటు ఉన్నారు," అంది కప్ప. "నేను ఎవర్నో ఒకర్ని అడగాలి. నిన్ను అడుగుతున్నాను."

"అలాగే చెల్లీ, నేను చూసుకుంటాను," అంది బాతు.

కప్ప ఇంకెవరి దగ్గరికీ వెళ్ళలేదు. అదే తోవన వెనక్కి వెళ్ళింది.

మూడు అలాగేలు అయ్యాయి. గురువారం వచ్చింది.

పోలింగు ఏడింటికి మొదలైంది. బాతు తొమ్మిదీ ఇరవైకి కొట్టం దగ్గరికి వెళ్ళింది. గేటుకి ఎడమ పక్క అడవికోడి పుంజు, కుడి పక్క నీటికుక్క నిలబడి ఉన్నారు. అక్కడి రివాజు ప్రకారం లోపలికి వెళ్ళేవాళ్ళకి నమస్కారం పెట్టొచ్చు గాని ఓటు అడగకూడదు. గేటు మీద కాకి కూర్చుని ఎవరెవరు వచ్చారో గులకరాళ్ళు వేసి గుర్తు పెట్టుకుంటున్నాడు. కాకి నీటికుక్క మనిషి. ఆ సంగతి అందరికీ తెలుసు. పుంజు ఓటు అడగడానికి తన గూటికి వచ్చినప్పుడు కాకి మొహం మీదే చెప్పాడట.

"నీ తోక బాగుంటుంది, నీ ఆలోచన బాగోదు. నేను వెయ్యను," అని.

పుంజు నవ్వి, కనీసం తోకైనా నచ్చింది కదా అని వెళ్ళిపోయాడట. ఆ మర్నాడు కూడా ఇద్దరూ ఒకే కంచె మీద కూర్చుని వాన గురించి మాట్లాడుకున్నారు. బాతు ఆ మాట విన్నది. కానీ అది కాకికి చెల్లుతుంది, తనకి చెల్లదు అనుకుంది.

"ఏమ్మా బాతూ, ఇవాళైనా ఒకళ్ళని కాదంటావా?" అన్నాడు కాకి, గులకరాయి పక్కకి నెడుతూ.

"నీకెందుకు బాబాయ్," అంది బాతు. మెల్లగా అంది.

లోపల ఎన్నికల అధికారి గుడ్లగూబ ఉంది. పగటి పూట దానికి కళ్ళు మూతలు పడతాయి. అయినా ముప్ఫై ఏళ్ళనుంచి ఆ పని చేస్తోంది, ఒక్క ఆకు తప్పు పోనివ్వలేదు. ఓటు అంటే అక్కడ ఒక వెడల్పాటి ఆకు. దాని మీద ఎడమ పక్క గింజ బొమ్మ, కుడి పక్క చేప బొమ్మ గీసి ఉంటాయి. గింజ పుంజు గుర్తు. చేప నీటికుక్క గుర్తు. మూడు చెక్కలు అడ్డం పెట్టిన మూలకి వెళ్ళి, దారంతో కట్టి ఉన్న ముల్లు తీసుకుని, నచ్చిన బొమ్మ కింద చిల్లు పెట్టాలి. ముల్లు ఎవరూ పట్టుకుపోకుండా దారం.

"ఒక్క చిల్లు," అంది గుడ్లగూబ, ఆకు ఇస్తూ. "ఒక్కటే."

"అలాగేనండీ," అంది బాతు.

చెక్కల వెనక్కి వెళ్ళి ముల్లు నోట పట్టుకుంది. మొదట చేప బొమ్మ కింద చిల్లు పెట్టింది. ఆలోచించాల్సిన పని లేదు. తూము ఉండాలని దాని మనసులో ఎప్పుడూ ఉంది. కప్పకి మాట కూడా ఇచ్చింది.

ముల్లు వదిలెయ్యబోయింది. అప్పుడు బెరడు ముక్క గుర్తొచ్చింది. గేటు దగ్గర పుంజు నిలబడి ఉన్నాడు. రేపూ కనిపిస్తాడు, ఎల్లుండీ కనిపిస్తాడు. వేశారా బాతమ్మగారూ అంటాడు. అబద్ధం ఆడడం బాతుకి చేతకాదు. నిజం చెప్పడమూ చేతకాదు.

అప్పుడు దానికొక ఉపాయం తోచింది. ఒక ఓటు ఉంది. ఇద్దరు ఉన్నారు. చెరొక సగం పోతుంది. ఎవరూ బాధపడరు. తను ఎవరికీ అబద్ధం చెప్పినట్టు కాదు. ఒక్కటే అని గుడ్లగూబ అన్నమాట అందరికీ మామూలుగా చెప్పే మాటే అనుకుంది. గింజ బొమ్మ కింద ఇంకో చిల్లు పెట్టింది. ఆకు మడిచి పెట్టెలో వేసింది.

బయటికి వచ్చాక దాని నడక తేలికైంది. పుంజు తల వంచితే, మీకు వేశానండీ అని తనే చెప్పింది. నీటికుక్క కన్ను గీటితే, వేశాను మరిదీ అంది. తూము మూతి దగ్గర కప్ప కాచుకుని ఉంది. దానితో, నీటికుక్కకి వేశాను చెల్లీ అంది. కప్ప ముందుకాళ్ళు రెండూ ఎత్తి దణ్ణం పెట్టింది.

మూడు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

లెక్క శుక్రవారం పొద్దున పదింటికి మొదలైంది. వార్డులో ఓట్లు నూట ముప్ఫై. వచ్చి వేసినవాళ్ళు ఎనభై ముగ్గురు. మిగతావాళ్ళని అడిగితే కొందరు నిద్ర అన్నారు, కొందరు గురువారమని తెలీదన్నారు. వాళ్ళ సంగతి ఇంకో కథ.

గుడ్లగూబ ఆకులు రెండు కుప్పలు వేసింది. కుప్పలు ఒకటే ఎత్తున పెరిగాయి. కొట్టంలో మాటలు తగ్గాయి. చివరికి గింజ కుప్పలో నలభై ఒకటి, చేప కుప్పలో నలభై ఒకటి తేలాయి. ఒక ఆకు విడిగా బల్ల మీద మిగిలింది.

సందేహం ఉన్న ఓటుని పోటీదార్లకి చూపించాలి. అది అక్కడి నియమం. గుడ్లగూబ ఆ ఆకుని కిటికీవైపు ఎత్తి పట్టింది. ఎండ రెండు చిల్లుల్లోంచీ దిగి బల్ల మీద రెండు చుక్కలుగా పడింది. పుంజు చూశాడు. నీటికుక్క చూశాడు.

"ఎవరో గాని మనిద్దర్నీ సమానంగా ప్రేమించారు," అన్నాడు నీటికుక్క. కొంతమంది నవ్వారు. తర్వాత అతనే అన్నాడు, "చెల్లదు."

"చెల్లదు," అన్నాడు పుంజు.

బాతు మూడో వరసలో కూర్చుని ఉంది.  లేచి నిలబడింది.

"ఆ ఆకు వేసినవాళ్ళు వచ్చి, మాది ఫలానావాళ్ళకి అని ఇప్పుడు చెబితే?" అని అడిగింది.

గుడ్లగూబ సగం మూసిన కళ్ళతో దానివైపు చూసింది. కోపం లేదు. అన్నీ తెలిసినదానిలా కూడా చూడలేదు. ఎవరడిగినా చెప్పే జవాబే చెప్పింది.

"పెట్టెలో పడేదాకా వేసినవాళ్ళు మాట్లాడాలి. పడ్డాక ఆకు మాట్లాడుతుంది."

బాతు కూర్చుంది.

ఓట్లు సమానమైతే చీటీ తియ్యాలి. గుడ్లగూబ రెండు ఒకే రకం కాయ డొప్పలు తెప్పించింది. ఒకదానిలో బార్లీ గింజ, ఒకదానిలో చేప పొలుసు పెట్టి నాచుతో మూసింది. రెండింటినీ గడ్డి బుట్టలో వేసి కదిపింది. కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. నాచు లాగింది.

గింజ ఉంది.

పుంజు పెద్దగా ఏమీ మాట్లాడలేదు. నీటికుక్క బాగా పోటీ ఇచ్చాడని, గెలుపు డొప్పది గాని తనది కాదని, అయినా చెప్పిన పని చేస్తానని అన్నాడు. నీటికుక్క వెళ్ళి అతని రెక్క పట్టుకుని ఊపాడు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. అందరూ మర్యాదగా ఇళ్ళకి వెళ్ళారు.

చెప్పిన పని పుంజు చేశాడు. వచ్చే బుధవారం తూము పూడుస్తామని అటువైపు వెళ్ళి కప్పలకి తనే స్వయంగా చెప్పి వచ్చాడు. ఏడు కుందేళ్ళు రెండు రోజులు పని చేశాయి. మొదట రాళ్ళు, తర్వాత మట్టి, పైన గడ్డి. గురువారం సాయంత్రానికి అక్కడ తూము ఉండేదని కొత్తవాళ్ళెవరికీ తెలిసేలా లేదు.

పూడ్చకముందే, ఆ మంగళవారం, బోదురుకప్ప చివరిసారి తూములోంచి వచ్చింది. పిల్లల్ని ఒకసారి చూసుకుంది. అప్పటికి వాటికి వెనక కాళ్ళు మొలుస్తున్నాయి. బాతు ఎదురుపడింది.

"నువ్వు వేశావు అక్కా. అది చాలు," అంది కప్ప. "మిగతాది మన అదృష్టం. డొప్పలో ఏది వస్తుందో ఎవరికి తెలుసు?"

బాతు ముక్కు తెరిచింది. అప్పుడే చెప్పేస్తే బాగుండేది. చెప్పలేదు. జాగ్రత్తగా వెళ్ళు చెల్లీ అంది.

జూన్ పద్ధెనిమిది, మంగళవారం. పొద్దున్న ఆరూ నలభైకి వాన మొదలైంది. పిల్ల కప్పలు నీళ్ళలోంచి గట్టెక్కాయి. మొత్తం నాలుగు వందలకి కొంచెం అటూ ఇటూ ఉంటాయి. వాటికి దారి ఎవరూ చెప్పక్కర్లేదు. నేరుగా తూము ఉండే చోటికి వెళ్ళాయి. గడ్డికి తలలు తాకించాయి. కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత ఒకటి పక్కనున్న మట్టి ఎక్కింది. మిగతావి దాని వెనకే ఎక్కాయి. పైన రోడ్డు.

రోడ్డుకి అటు అంచున తల్లి కప్ప నిలబడి ఉంది. ఇటు రావద్దని అరిచింది. వానలో ఆ గొంతు ఎంత దూరం పోతుంది?

బాతు చూసింది. దానికి ఒక సంగతి తెలుసు. ఆ దేశంలో బాతు రోడ్డు దాటుతుంటే కార్లు ఆగుతాయి. ఆ మలుపులో బాతు బొమ్మతో ఒక బోర్డు కూడా పెట్టారు. కప్పలకి బోర్డు లేదు. బాతు తన పిల్లల్ని రెల్లులో ఉండమని చెప్పి రోడ్డెక్కింది. నడిమధ్యకి వెళ్ళి నిలబడింది.

ముందు పాల బండి వచ్చింది. ఆగింది. బాతు ఇటునుంచి అటు మెల్లగా నడిచింది, మళ్ళీ అటునుంచి ఇటు నడిచింది. బండి మనిషి ఫ్లాస్కు తీసి టీ తాగాడు. డెబ్భై, ఎనభై పిల్లలు దాటాయి.

తర్వాత ఒక ఎర్ర కారు వచ్చింది. అందులో బడికి వెళ్ళే పిల్లలు. కారు ఆగింది. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి బాతుని చూశారు. కింద ఉన్నవి వాళ్ళకి కనిపించలేదు. ఇంకో ఎనభై దాకా దాటాయి.

ఎనిమిదీ ముప్ఫై ఐదుకి ఒక బూడిద రంగు కారు వచ్చింది. నడిపే ఆయనకి ఆలస్యమైనట్టుంది. అయినా వేగం తగ్గించాడు. హారను కొట్టలేదు. బాతు కదలకపోతే, దాన్ని భయపెట్టకుండా, మర్యాదగా పక్కకి తిప్పి, రోడ్డు అంచు మీదుగా మెల్లగా పోయాడు. బాతుకి ఈక కూడా కదల్లేదు.

అప్పుడు మిగతా పిల్లలన్నీ ఆ అంచున ఉన్నాయి.

వాన తొమ్మిదిన్నరకి ఆగింది. తల్లి కప్ప అడవి అంచున కూర్చుని వచ్చినవాటిని లెక్కపెట్టుకుంది. నూట అరవై మూడు. ఇంకోసారి లెక్కపెట్టింది. అంతే ఉన్నాయి.

బాతు అటు వెళ్ళింది. రోడ్డు మీద కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ వెళ్ళింది. కప్ప ముందు నిలబడి అంతా చెప్పింది. మూడు అలాగేలు చెప్పింది. రెండు చిల్లులు చెప్పింది. బల్ల మీద పడ్డ రెండు ఎండ చుక్కలు చెప్పింది. చెప్పేటప్పుడు క్షమించమని అడగలేదు. అడిగితే కప్ప అలాగే అనాల్సి వస్తుందని దానికి తెలుసు.

కప్ప తన పిల్లలవైపు చూసింది. 

"నిన్ను అడిగిన ఆ బుధవారం నాకు ఇంకా ఒక పూట మిగిలింది," అంది. "నువ్వు నా వల్ల కాదు అని ఉంటే కుందేళ్ళ దగ్గరికి వెళ్ళేదాన్ని. నలభై ఏడుగురు ఇళ్ళలో ఉండిపోయారట కదా. అందులో ఒక్కళ్ళు వచ్చినా చాలేది. నువ్వు చూసుకుంటానన్నావు. నేను ఇంటికి పోయాను."

తిట్టినట్టు అనలేదు. జరిగినది జరిగినట్టు చెప్పింది. తర్వాత పిల్లల్ని తీసుకుని తడి ఆకుల కిందికి వెళ్ళిపోయింది. బాతు కుంటకి తిరిగి వచ్చింది. ఆ రోజు అది రెక్కలు దువ్వుకోలేదు.

నాలుగు రోజులు గడిచాయి. శనివారం ఉదయం అడవికోడి పుంజు గట్టు దగ్గరికి వచ్చాడు. వానకి బాతు గూడు ఒక పక్క కుంగిందని విన్నాడట. రెక్క కింద కొన్ని బెరడు ముక్కలు తెచ్చాడు. ఎన్నికలప్పటివి, ఇక తనకి పనికిరావు, గూటి కింద వేసుకుంటే తడి పైకి రాదు అన్నాడు. రోడ్డు సంగతి తెలిసి తను కూడా నిద్రపోలేదని, పొలానికి వేరే దారి ఏదైనా చూడాల్సిందని అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

బాతు ముక్కలు ఒక్కొక్కటీ పరిచింది. మూడో ముక్క మీద వార్డు వాళ్ళ బొమ్మలు ఉన్నాయి. కుందేళ్ళ పక్కన సున్నాలు. సున్నా అంటే తనవాళ్ళు. కాకి పక్కన అడ్డగీత. అడ్డగీత అంటే అవతలివాళ్ళు. అందరికంటే కింద బాతు బొమ్మ ఉంది. దాని పక్కనా అడ్డగీతే ఉంది. ఓటు అడిగిన ఆ శనివారమే, దాని ఎదుటే గీసిన గీత. దాని కింద పుంజు చిన్న అక్షరాలతో ఇలా రాసుకున్నాడు:

"కుంటలో ఉండేది. నీటికుక్కకే వేస్తుంది. మర్యాదకి అడిగాను."

నీతి: ఎవరినీ నొప్పించకూడదని అందరికీ సరే అన్నవాళ్ళ మాట ఎవరికీ అందదు, ఆ మాట నమ్మి ఇంకెవరినీ అడగకుండా ఇంటికి వెళ్ళినవాళ్ళే నష్టపోతారు.